గంటకు 70 మైళ్ల దగ్గర ఎలా మోగుతుంది? సయాన్ ఎఫ్‌ఆర్-ఎస్ ఎగ్జాస్ట్ డైరీ

మార్చి మొదటి వారం: షరతులు

కారుకు కొత్త ఎగ్జాస్ట్, అంటే పొగ బయటికి పోయే గొట్టాల వరస, కొనాలనుకున్నవాళ్లు సాధారణంగా వీడియోలతో మొదలుపెడతారు. ఎవరో సొరంగంలో యాక్సిలరేటర్ అడుగంటా తొక్కుతారు, మనం హెడ్‌ఫోన్లలో విని మురిసిపోతాం, మర్నాడు ఆర్డరు పెట్టేస్తాం. నేను షరతుల జాబితాతో మొదలుపెట్టాను. ఆ జాబితా తేలితే దుకాణంలో ఉన్నవాటిలో ముప్పావు వంతు వాటంతట అవే పక్కకు పోతాయి.

బండి 2013 సయాన్ ఎఫ్‌ఆర్-ఎస్. హాట్ లావా రంగు, మాన్యువల్ గేర్లు. టయోటా, సుబారు కలిసి తయారు చేసిన కారు ఇది. జపాన్‌లో దీన్ని టయోటా 86 అన్నారు, సుబారు తన వంతు కార్లను బీఆర్‌జెడ్ పేరుతో అమ్మింది. సయాన్ బ్రాండును టయోటా 2016లో మూసేసింది. ఇంజిన్ ఎఫ్ఏ20: రెండు లీటర్లు, అటు రెండు ఇటు రెండు పడుకుని ఉన్న సిలిండర్లు, 7000 ఆర్‌పీఎం దగ్గర 200 హార్స్‌పవర్. ఇంత చురుకైన ఇంజిన్‌కు కంపెనీ ఇచ్చిన గొంతు మాత్రం కుట్టుమిషన్‌ది. కారు లోపల వినిపించే కాస్త గర్జన కూడా ఎగ్జాస్ట్‌ది కాదు. గాలి లోపలికి పీల్చుకునే చప్పుడును ఒక గొట్టం ద్వారా డ్రైవరు ముందుకు తెచ్చి వినిపిస్తారు.

మొదటి షరతు చట్టం. నేను ఉండేది కాలిఫోర్నియాలో, ఫ్రీమాంట్‌లో. ఇంత వయసు వచ్చిన కారుకు ఇక్కడ రెండేళ్లకోసారి స్మాగ్ పరీక్ష తప్పదు. పొగ కొలవడంతో ఆగరు, కిందికి వంగి భాగాలను కళ్లతో చూస్తారు. పొగలోని విషవాయువులను తగ్గించే క్యాటలిటిక్ కన్వర్టర్‌ను గానీ, దానికి ముందున్న దేన్నైనా గానీ మారిస్తే ఆ భాగానికి రాష్ట్ర వాయు వనరుల బోర్డు ఇచ్చిన ఆమోద సంఖ్య ఉండాలి. ఎఫ్‌ఆర్-ఎస్‌లో మొదటి కన్వర్టర్ ఇంజిన్‌ను అంటుకుని, సిలిండర్ల పొగను ఒకచోటికి చేర్చే హెడర్‌లోనే ఉంది, రెండోది దాని వెనక వచ్చే ఫ్రంట్ పైప్‌లో ఉంది. కాబట్టి ఆ రెండింటి జోలికి వెళ్లను. ఫ్రంట్ పైప్ తర్వాత నుంచి వెనక బంపరు దాకా ఉన్న భాగమే నాది. దాన్నే క్యాట్-బ్యాక్ అంటారు.

శబ్దానికీ హద్దు ఉంది. 6000 పౌండ్ల లోపు బండికి 95 డెసిబెల్లు. ఇదివరకు పోలీసులు ఆపితే బాగు చేయించుకుని చూపిస్తే సరిపోయేది. 2019 జనవరి నుంచి అమలైన మార్పుతో ఆ వెసులుబాటు పోయి నేరుగా జరిమానా దాకా వచ్చింది.

రెండోది లగూనా సెకా. మాంటెరే కొండల్లో ఉన్న ఆ రేస్ ట్రాక్‌లో ఏడాదికోసారైనా బండి తిప్పాలని నా కోరిక. చుట్టుపక్కల ఊళ్లవాళ్ల గొడవ వల్ల అక్కడ శబ్దం మీద గట్టి కాపలా ఉంది. మాలాంటివాళ్లు సొంత బండ్లు తిప్పుకునే ట్రాక్ డేలలో ఎక్కువవాటికి హద్దు 90 డెసిబెల్లకు కాస్త అటూఇటూ. దాటితే నల్ల జెండా ఊపి పిట్‌లోకి పిలుస్తారు, మళ్లీ దాటితే ఇంటికి పంపేస్తారు.

మూడోది ఇంట్లో షరతు, అన్నిటికన్నా కఠినం. "పక్క సీట్లో కూర్చుని అమ్మతో ఫోన్లో మాట్లాడితే అమ్మకు నా మాట వినపడాలి" అంది మా ఆవిడ. ఇంత స్పష్టమైన ప్రమాణం ఏ చట్టంలోనూ లేదు.

మార్చి మూడో వారం: డెసిబెల్ లెక్కలు

రాష్ట్రం 95 అంటోంది, ట్రాక్ 90 అంటోంది. చూడగానే ట్రాక్ ఐదు డెసిబెల్లు మాత్రమే ఎక్కువ కఠినం అనిపిస్తుంది. అసలు ఈ రెండు అంకెలను పక్కపక్కన పెట్టకూడదు.

రాష్ట్రం పరీక్షలో బండి కదలదు. గొట్టం మూతికి అర మీటరు దూరంలో, 45 డిగ్రీల కోణంలో మైకు పెట్టి, ఇంజిన్‌ను నిర్ణీత వేగానికి తీసుకెళ్లి కొలుస్తారు. ఇంజిన్ మీద బరువేమీ ఉండదు. ట్రాక్‌లో మైకు అయిదో, ఆరో మలుపుల మధ్య రోడ్డు పక్కన ఉంటుంది. బండి అప్పుడు పూర్తి యాక్సిలరేటర్‌తో ఎత్తు ఎక్కుతూ పోతుంది. దూరం రెట్టింపైన ప్రతిసారీ శబ్దం సుమారు 6 డెసిబెల్లు తగ్గుతుంది. అర మీటరు నుంచి 15 మీటర్లకు వెళ్తే దాదాపు 30 డెసిబెల్లు పోతాయి. అంటే అర మీటరు దగ్గర 95 అన్నది అంత దూరంలో 65 అవుతుంది. అక్కడ 90 రావాలంటే మూతి దగ్గర 120 ఉండాలి. నిలబడిన బండికీ, పూర్తి లోడ్‌లో ఉన్న బండికీ అంత తేడా వస్తుందన్నమాట. తయారీదారులు పెట్టెల మీద వేసే డెసిబెల్ అంకె ఎలా కొలిచారో చెప్పకపోతే ఆ అంకె ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే.

ఈ వెతుకులాటలో నాకు బాగా పనికొచ్చిన జల్లెడ జపాన్ నుంచి వచ్చింది. జాస్మా అని స్పోర్ట్స్ మఫ్లర్ల (మనం సైలెన్సర్లు అనేవి) తయారీదారుల సంఘం ఒకటి అక్కడ ఉంది. జపాన్ చట్టానికి లోబడిన మఫ్లర్లకు అది ఒక పలక ఇస్తుంది. అక్కడి నిలకడ పరీక్ష కూడా అర మీటరు, 45 డిగ్రీలే, గరిష్ఠ శక్తి వచ్చే ఇంజిన్ వేగంలో 75 శాతం దగ్గర కొలుస్తారు. ఈ తరం కార్లకు హద్దు 96 డెసిబెల్లు. దానికి తోడు 2010 ఏప్రిల్ తర్వాతి బండ్లకు వేగం పుంజుకునేటప్పటి శబ్దానికీ 82 డెసిబెల్ల పరిమితి ఉంది. ఆ పలక ఉన్న క్యాట్-బ్యాక్ కాలిఫోర్నియాలో చట్టబద్ధమని దీనర్థం కాదు. కాకపోతే ఎవరో ఒకరు మైకు పెట్టి కొలిచారన్న భరోసా ఉంటుంది. "గంభీరమైన ధ్వని" అని రాసి అమ్మేవాటికి అదీ ఉండదు.

ఏప్రిల్ మొదటి వారం: పక్క సీట్లో

శాన్ హోసేలో ఉండే విజయవాడ కుర్రాడి బీఆర్‌జెడ్‌లో తిరిగి వచ్చాను. మూడు అంగుళాల గొట్టం, చిన్న మఫ్లర్, మధ్యలో మోత తగ్గించే రెజొనేటర్ డబ్బా లేదు. ఏ కంపెనీదో రాయను. ఊళ్లో సిగ్నళ్ల దగ్గర బ్రహ్మాండంగా ఉంది. 880 ఫ్రీవే ఎక్కి ఆరో గేరు వేసి స్థిరంగా పోతుంటే చెవుల్లో ఒత్తిడి మొదలైంది. అదేమీ పెద్ద శబ్దం కాదు, పుర్రె లోపల పుట్టే గుంయ్‌మన్న మోత. "అన్నా, ఒక నెలలో అలవాటైపోతుంది" అన్నాడు. నిజమే కావచ్చు. నాకు ఆ నెల ఖర్చు పెట్టే ఉద్దేశం లేదు.

దీన్ని ఇక్కడ డ్రోన్ అంటారు. ఎక్కడ పుడుతుందో లెక్క కట్టవచ్చు. మా బండి ఆరో గేరు నిష్పత్తి 0.767, ఫైనల్ డ్రైవ్ 4.10, టైరు 215/45 ఆర్17, అంటే చుట్టుకొలత సుమారు 1.96 మీటర్లు. గంటకు 70 మైళ్ల వేగంలో ఇంజిన్ దాదాపు 3000 ఆర్‌పీఎం దగ్గర తిరుగుతుంది. నాలుగు సిలిండర్ల ఫోర్-స్ట్రోక్ ఇంజిన్‌లో ఒక్కో చుట్టుకు రెండు పేలుళ్లు. 3000ను 30తో భాగిస్తే 100 హెర్ట్జ్. చిన్న కారు క్యాబిన్‌లో గాలి సులువుగా ఊగిపోయే ప్రాంతం ఇదే. రోజూ ఆఫీసుకు మౌంటెన్ వ్యూ దాకా 880, 237 మీద ట్రాఫిక్ లేని అదృష్టపు గంటల్లో నేను నడిపే వేగం కూడా అదే.

7000 దగ్గర బండి ఎలా అరుస్తుందో చూపించే వీడియోలు దొరుకుతాయి. 3000 దగ్గర నలభై నిమిషాలు ఎలా ఉంటుందో చూపించే వీడియో ఎవరూ తీయరు. తీస్తే ఎవరూ చూడరు.

ఏప్రిల్ చివర: లోపల ఏముంది

మఫ్లర్ బయటికి ఎంత మెరిసినా లోపలి కట్టడం ప్రధానంగా రెండు రకాలు. గదుల రకంలో వాయువు మలుపులు తిరుగుతూ పోతుంది, శబ్ద తరంగాలు ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. తిన్నని రకంలో చిల్లుల గొట్టం నేరుగా పోతుంది, చుట్టూ ఫైబర్ గ్లాసో, ఉక్కు ఊలో కూరి ఉంటుంది. స్పోర్ట్స్ ఎగ్జాస్ట్‌లలో ఎక్కువగా వాడేది తిన్నని రకమే. వాయువుకు అడ్డు తక్కువ. అయితే కూరిన పీచు కీచు శబ్దాలను బాగా మింగుతుంది, 100 హెర్ట్జ్ లాంటి లోతు శబ్దాలను దాదాపు వదిలేస్తుంది. డ్రోన్‌కు మూలం అక్కడుంది. కాబట్టి తిన్నని రకమే తీసుకునేట్టయితే మఫ్లర్ డబ్బా పెద్దదిగా ఉండాలి, మధ్యలో పొడవైన రెజొనేటర్ ఉండాలి. బరువు తగ్గించామని గొప్పలు చెప్పే సెట్లు సాధారణంగా తగ్గించింది ఈ రెండింటినే.

గొట్టం వ్యాసం గురించి వాదనలకు అంతే లేదు. 60 మి.మీ. గొట్టం కన్నా 76 మి.మీ. గొట్టం లోపలి వైశాల్యం 60 శాతం ఎక్కువ. టర్బో పెట్టి 300 హార్స్‌పవర్ దాటించే ఆలోచన ఉంటే ఆ వెడల్పు కావాలి. 200 హార్స్‌పవర్ ఇంజిన్ అంత గాలి వదలదు, అదనపు వెడల్పు శబ్దానికే పనికొస్తుంది. "బ్యాక్ ప్రెషర్ లేకపోతే టార్క్ పోతుంది" అన్న మాటను మెకానిక్‌లు కూడా వల్లిస్తుంటారు. ఇంజిన్‌కు అడ్డు ఎప్పుడూ మేలు చేయదు. మేలు చేసేది వాయువు వేగం, పీడన తరంగాలు తిరిగి వచ్చే సమయం. ఆ ఆట ఎక్కువగా హెడర్ పొడవుల్లో నడుస్తుంది, రెండు కన్వర్టర్లు దాటాక మిగిలేది స్వల్పం.

ఈ ఇంజిన్‌కు 3500 నుంచి 4500 ఆర్‌పీఎం మధ్య టార్క్‌లో, అంటే తిప్పే బలంలో, ఒక గుంట ఉంది. కొన్నవాళ్లంతా తిట్టుకునేది దాన్నే. దాన్ని పూడ్చాలంటే హెడర్ మార్చి, ఇంజిన్ కంప్యూటర్‌ను మళ్లీ ట్యూన్ చేయాలి. క్యాట్-బ్యాక్ దాన్ని ముట్టుకోదు. క్యాట్-బ్యాక్ వల్ల నాలుగైదు హార్స్‌పవర్ వస్తే అదే పదివేలు. కొంటున్నది శబ్దం, కాస్త బరువు తగ్గుదల, అంతే.

పాత సుబారుల గడగడ కోసం అసమాన పొడవుల హెడర్ వేసుకునేవాళ్లూ ఉన్నారు. ఆ మోత ఇలా సిలిండర్లు పడుకుని ఉండే బాక్సర్ ఇంజిన్‌కు పుట్టుకతో వచ్చింది కాదు. ఒకవైపు గొట్టాలు పొడవు, మరోవైపు పొట్టి కావడం వల్ల వచ్చేది. మా బండిలో పొడవులు సమానం, అందుకే ఆ గడగడ ఉండదు. నాకు అది అక్కర్లేదు, స్మాగ్ షరతు వల్ల ఎలాగూ కుదరదు.

మే: ఎంపిక

లోహం దగ్గర ఎక్కువసేపు ఆగలేదు. 409 స్టెయిన్‌లెస్ చవక, పైన తుప్పు చార పడుతుంది కానీ ఈ పొడి వాతావరణంలో ఏళ్లు నిలుస్తుంది. 304 అయితే నిశ్చింత. టైటానియం సాంద్రత ఉక్కులో సగం కన్నా కాస్త ఎక్కువ, గోడ పలుచన, మోతలో లోహపు పలుకు ఎక్కువ. టైటానియంతో చేసిన టొమేయి ఎక్స్‌ప్రీమ్ టీఐ చేత్తో ఎత్తి చూస్తే ఎవరికైనా ఆశ పుడుతుంది. ఒంటి గొట్టం, వేడికి నీలం రంగు తిరిగే మూతి. నా మూడో షరతు గుర్తొచ్చి కింద పెట్టాను. బోర్లా అనే కంపెనీ మిలియన్ మైళ్ల వారంటీ ఇస్తుంది. ఆ మాట మీదే కొనేవాళ్లున్నారు, తప్పు లేదు. ఇన్విడియా కంపెనీ క్యూ300 సెట్ మీద కూడా కొన్నాళ్లు మనసు ఆడింది.

చివరికి తేలింది జాస్మా పలక ఉన్న ఒక జపాన్ సెట్: 304 స్టెయిన్‌లెస్, సుమారు 60 మి.మీ. గొట్టం, పొడవైన రెజొనేటర్, రెండు మూతులు. వంపులు మాండ్రెల్ పద్ధతిలో చేసినవి, అంటే వంగిన చోట గొట్టం నొక్కుకుపోలేదు. టిగ్ వెల్డింగ్ అతుకులు సన్నగా, వరసగా ఉన్నాయి. గొట్టాలను బోల్టులతో కలిపే ఫ్లాంజీ ముఖం మీద స్టీలు స్కేలు పెట్టి వెలుతురుకు ఎత్తి చూశాను, ఎక్కడా సందు లేదు. వాడిన సరుకే, ధర కొత్తదానికి సగం. వాడినది కొనేటప్పుడు మఫ్లర్‌ను చెవి దగ్గర పెట్టి ఊపి చూడాలి. లోపల ఏదైనా గలగలమంటే వదిలేయాలి.

రాజమండ్రి నుంచి నాన్న వీడియో కాల్‌లో పెట్టె చూశారు.

"ఉన్న సైలెన్సర్ పాడయిందా?"

"లేదు నాన్నా, బాగానే ఉంది."

"మరి?"

"ఇది కాస్త ఎక్కువ చప్పుడు చేస్తుంది."

ఆయన కాసేపు ఏమీ అనలేదు. తర్వాత విశాఖలో పోలీసులు కుర్రాళ్ల బుల్లెట్ల నుంచి ఊడదీసిన సైలెన్సర్లను వరసగా పేర్చి రోడ్డు రోలర్‌తో తొక్కించిన సంగతి చెప్పారు. సమాచారం కోసమే చెప్పినట్టు చెప్పారు.

జూన్ రెండో వారం: విప్పడం, బిగించడం

బిగించడం కన్నా విప్పడమే పని. పదేళ్లు దాటిన బోల్టులకు ముందు రాత్రి తుప్పు వదిలించే నూనె కొట్టి ఉంచాను. పొద్దున మళ్లీ కొట్టాను. బండిని నాలుగు స్టాండ్ల మీద నిలిపి, చేత్తో బలంగా ఊపి చూసి గానీ కిందికి దూరలేదు. జాకీని నమ్ముకుని బండి కిందికి దూరేవాళ్లతో నాకు మాటల్లేవు.

రబ్బరు హ్యాంగర్లు సబ్బు నీళ్లకు లొంగాయి. ఫ్రంట్ పైప్ కొసన ఉన్న స్ప్రింగ్ బోల్టుల్లో ఒకటి మొండికేస్తే వేడి పెట్టాల్సి వచ్చింది. పాత మఫ్లర్‌ను ఒక్కడినే దించలేక కింద ట్రాన్స్‌మిషన్ జాకీ పెట్టాను. కొత్త గాస్కెట్లు వేశాను. పాతవి బాగానే ఉన్నట్టు కనిపిస్తాయి, వాటిని మళ్లీ వాడితే వారం తర్వాత టిక్‌టిక్‌మని లీకు మొదలవుతుంది.

ఇక్కడ చెప్పదగ్గ కిటుకు ఒకటే. బోల్టులన్నీ వేలితో తిప్పినంతవరకే బిగించాలి. మొత్తం సెట్ వేలాడిన తర్వాత, బంపరు కోతలో మూతులు రెండు వైపులా సమానంగా వచ్చేట్టు తిప్పి, అప్పుడు ముందు నుంచి వెనక్కి వరసగా బిగించాలి. వేడికి గొట్టం సాగుతుంది కాబట్టి మూతికీ బంపరు ప్లాస్టిక్‌కూ మధ్య వేలు దూరేంత సందు వదిలాను. స్టార్ట్ చేసి, చల్లగా ఉన్నప్పుడే అతుకుల దగ్గర చెయ్యి అడ్డుపెట్టి లీకులు చూసుకున్నాను. నాలుగు రోజులు తిరిగాక మళ్లీ ఒకసారి బిగించాను.

స్నానాల గది తూకం మీద పాతది, కొత్తది పెట్టి చూస్తే తేడా ఐదు కిలోల చిల్లర. రేస్ కారుకు లెక్క, నాకు కాదు.

జూన్ చివర: మిగిలిపోయిన మోత

శబ్దం కోరుకున్నట్టే ఉంది. స్టార్ట్ చేస్తే పక్కింటివాళ్లు కిటికీ తీయరు. 5000 దాటాక గొంతు విచ్చుకుంటుంది. రెండో గేరులో అక్కడికి చేరడానికి సాకులు వెతుక్కుంటున్నాను.

2900 నుంచి 3100 మధ్య మాత్రం సన్నని మోత మిగిలింది. కుర్రాడి బండితో పోలిస్తే ఏమీ కాదు. అయినా అది నేను రోజూ నడిపే వేగం. ఫోను పరీక్ష పెట్టాం. గుంటూరులో మా అత్తగారు "మాట వినపడుతోంది కానీ వెనక ఏదో మోటారు నడుస్తోందేమిటి?" అన్నారు. ఇక ఊరుకోవడం కుదరదు.

దీనికి మందు పావు తరంగం గొట్టం. ప్రధాన గొట్టానికి పక్క కొమ్మలా ఒక మూసి ఉన్న గొట్టం అతుకుతారు. తరంగం అందులోకి వెళ్లి, మూసిన కొసను కొట్టి తిరిగి వచ్చేసరికి అర తరంగం ఆలస్యమై, ఎదురొచ్చే తరంగాన్ని కొట్టేస్తుంది. కావలసిన పొడవు ధ్వని వేగాన్ని పౌనఃపున్యానికి నాలుగు రెట్లతో భాగిస్తే వస్తుంది. తిరకాసంతా ధ్వని వేగంలో ఉంది. గది గాలిలో సెకనుకు 346 మీటర్లనుకుంటే 100 హెర్ట్జ్‌కు 86 సెంటీమీటర్లు చాలు. 300 డిగ్రీల వేడిలో వేగం 480, పొడవు 120 సెంటీమీటర్లు. కొమ్మ గొట్టంలో వాయువు ప్రవహించదు, నిలిచి ఉంటుంది కాబట్టి ప్రధాన గొట్టం కన్నా చల్లగా ఉంటుంది. 150 డిగ్రీలనుకుంటే వేగం 412, పొడవు 103 సెంటీమీటర్లు.

హేవార్డ్‌లో ఎగ్జాస్ట్ గొట్టాలు వంచే పెద్దాయన ఒకరున్నారు. నా లెక్క కాగితం చూసి నవ్వి, పక్కన పెట్టి, "కొస జారేట్టు చేద్దాం" అన్నారు. కొమ్మను మీటరుకు కాస్త తక్కువ పొడవులో, ప్రధాన గొట్టానికి సమాంతరంగా వంచి అతికారు. చివర ఒకదానిలో ఒకటి జారే చిన్న ముక్క, దానికి క్లాంపు. ఫ్రీవే మీదికి వెళ్లి రావడం, ఒకటి రెండు సెంటీమీటర్లు జరపడం, మళ్లీ వెళ్లడం. 101 సెంటీమీటర్ల పొడవు దగ్గర మోత మాయమైంది. నా కాగితం మీది 103ను ఆయన మళ్లీ ప్రస్తావించలేదు, నేనూ ఎత్తలేదు. అక్కడే వెల్డ్ వేసి మూసేశారు.

ఈ గొట్టం పౌనఃపున్యాల ఇరుకైన పట్టీలోనే పనిచేస్తుంది. 75 మైళ్లకు వెళ్తే పేలుళ్లు 107 హెర్ట్జ్ అవుతాయి, కాస్త మోత మళ్లీ తొంగి చూస్తుంది. ఆ వేగానికి నా దగ్గర వేరే మందు ఉంది, యాక్సిలరేటర్ మీద కాలు తేలిక చేయడం.

ఆగస్టు: లగూనా సెకా

పొద్దున్నే మంచు పొర, మధ్యాహ్నానికి ఎండ. అయిదో మలుపు దాటి ఎత్తు ఎక్కేటప్పుడు కాలు ఎత్తకుండా పూర్తిగా తొక్కే ఉంచాను. ఇవాళ్టి ప్రయోగమే అది. నల్ల జెండా రాలేదు. సెషన్ తర్వాత అడిగితే నా బండి అత్యధికంగా 88 చూపించిందని చెప్పారు. పక్క గ్యారేజీలో మూడు అంగుళాల గొట్టమున్న టయోటా 86 ఒకటి మూతికి పక్కకు వంగే తాత్కాలిక గొట్టం తగిలించుకుని తిరిగింది. శబ్దాన్ని మైకు లేని వైపుకు మళ్లించడానికి అక్కడ చాలామంది వాడే ఉపాయం అది.

పాత ఎగ్జాస్ట్ గ్యారేజీ అటక మీద ఉంది. దాన్ని అమ్మేయమంటోంది మా ఆవిడ, జాగా కోసం. వెనక నుంచి ఎవరైనా గుద్దితే ముందు దెబ్బతినేది మఫ్లరే, విడి సెట్ ఒకటి ఉండాలని నా వాదన. చర్చ నడుస్తోంది. తర్వాత పని గేర్ రాడ్ బుష్‌లు, అవి వచ్చే నెల.